లిస్ట్‌ఎక్స్‌యాటర్ ఆరు నెలలు వాడాక: ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి ఎందుకు కోశానంటే

ప్రెషర్ కుక్కర్‌కి రివ్యూ రాస్తాం, పరుపుకి రాస్తాం, ఆటో యాప్‌కి తిట్లు కూడా కలిపి రాస్తాం. మరి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్న ఒక కాల్‌కి, అంటే ప్రోగ్రాములు దాన్ని పని అడిగే పిలుపుకి, రాస్తే తప్పేంటి? ఆరు నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నాను. ఒకసారి నా కొంప నిలబెట్టింది, ఒకసారి మొహం మీద నిజమే చెప్తూ నన్ను నిండా ముంచింది. దాని పేరు లిస్ట్‌ఎక్స్‌యాటర్. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌లో 2.4 వెర్షన్ రోజుల నుంచీ ఉంది. పైసా ఖర్చు లేదు, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఒక ఫైలు చూపిస్తే, దానికి తగిలించి ఉన్న అదనపు వివరాల పేర్లు వరసగా చదివి పెడుతుంది. వివరాలు కాదు, వాటి పేర్లు మాత్రమే. ఇది మొదటే చెప్పేస్తున్నా, ఎందుకంటే నేను రెండు రోజులు వివరాలు కూడా ఇస్తుందనుకుని తల బాదుకున్నాను.

నేను ప్రోగ్రామర్‌ని కాదు, సౌండ్ పనివాణ్ణి. కృష్ణానగర్‌లో ఒక చిన్న గది, షార్ట్ ఫిల్ములకీ వెబ్ సిరీస్‌లకీ వెనకాల వినిపించే చప్పుళ్లు రికార్డు చేసి ఇస్తుంటాను. లాడ్ బజార్‌లో గాజుల గలగల, ఎంఎంటీఎస్ బండి స్టేషన్‌లో ఆగేటప్పుడు వచ్చే కీచు, బోనాలప్పుడు డప్పులు, మోండా మార్కెట్లో తెల్లారకముందే మొదలయ్యే కూరగాయల బేరాలు, ఇలాంటివి తొమ్మిది వేల పైచిలుకు ఫైళ్లున్నాయి. ప్రతిదానికీ ఎక్కడ తీశాను, ఏ మైకు, టేకు ఓకేనా కాదా అన్న నోటు ఉండాలి. ఫైలు పేర్లోనే పెడదామంటే పేరు గూడ్సు బండంత అవుతుంది. ఎక్సెల్ షీట్‌లో పెడదామంటే ఆరు నెలలకి ఫైలుదొక దారి, షీటుదొక దారి. వేవ్ ఫైలు లోపలే నోటు రాసుకునే చోటు ఉంటుంది కదా అని ఈ పని తెలిసినవాళ్లు అడుగుతారు. ఉంటుంది, కానీ అక్కడ రాస్తే ఫైలే మారిపోతుంది, చెక్‌సమ్ (ఫైల్లోని బైట్లన్నిటి నుంచీ లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) మారిపోతుంది, పైగా ఒక్కో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సేవ్ చేసేటప్పుడు దాన్ని ఊడ్చేస్తుంది. అందుకని నేను ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్స్‌లో పెట్టుకునేవాణ్ణి.

అవేంటో తెలియనివాళ్లకి: టైలర్ కొట్టులో ప్రతి జాకెట్టు గుడ్డకీ గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంటుంది కదా, కొలతలు, ఎవరిది, ఎప్పటికివ్వాలి అని. గుడ్డ వేరు, చీటీ వేరు. చీటీ మార్చినా గుడ్డకి ఏమీ కాదు. ఫైలుకి కూడా అలాంటి చీటీలు గుచ్చొచ్చు. ప్రతి చీటీకి ఒక పేరు, లోపల ఒక విలువ. పేరు ముందు ఏ ఖాతాదో చెప్పే మాట ఒకటి తప్పనిసరిగా ఉండాలి. లైనక్స్‌లో అలాంటి ఖాతాలు నాలుగు: యూజర్, సెక్యూరిటీ, సిస్టమ్, ట్రస్టెడ్. మనలాంటివాళ్లం రాసుకునేది యూజర్ ఖాతాలో. నావి మూడు చీటీలు: యూజర్.మైక్, యూజర్.ప్లేస్, యూజర్.టేక్. కేడీఈ వాళ్ల డాల్ఫిన్ ఫైల్ మేనేజర్‌లో మనం పెట్టే ట్యాగులూ కామెంట్లూ కూడా నిజానికి ఇలాంటి చీటీలే, యూజర్.ఎక్స్‌డీజీ.ట్యాగ్స్, యూజర్.ఎక్స్‌డీజీ.కామెంట్ అని. చాలామంది వాడుతూనే ఉంటారు, వాడుతున్నామని తెలీదు.

ఇక అసలు కథ. పోయిన వర్షాకాలంలో నా పాత డిస్కు టిక్కు టిక్కు మనడం మొదలెట్టింది. నా చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందో అని భయమేసి, కొత్త 4 టీబీ డిస్కు కొని, సికింద్రాబాద్‌లో సీటీసీ చుట్టుపక్కల ఉండే డేటా షాపుల్లో ఒకదానికి ఇచ్చాను. షాపు పేరు అనవసరం, కుర్రాడు మంచివాడే, చెప్పిన రోజుకే ఇచ్చాడు. "ఏ సిస్టమ్ల పెట్టినా ఓపెన్ అవ్వాలని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ కొట్టిన అన్నా" అన్నాడు. నేనూ సంతోషించాను. ఇంటికొచ్చి ఫైళ్ల లెక్క చూశాను, సరిపోయింది. మొత్తం సైజు చూశాను, సరిపోయింది. చెక్‌సమ్‌లు కూడా పోల్చాను, ఒక్కటి తేడా లేదు. చీటీలు మాత్రం ఒక్కటి లేదు. తొమ్మిది వేల గుడ్డలూ వచ్చాయి, గుండుసూదులు కూడా రాలేదు.

మర్నాడే షాపుకి పోయాను.

"తమ్ముడూ, నోట్లన్నీ పోయాయి."

"నోట్లా? డిస్కుల పైసలు పెట్టినవా అన్నా? నేను కవర్ గూడ ఇప్పలే."

ఆ నోట్లు కాదు అని చెప్పి, చీటీల సంగతి వివరించేసరికి పది నిమిషాలు పట్టింది. వాడి తప్పు సగం, నాది సగం. ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ చీటీలు గుచ్చడానికి చోటే లేదు. నేను ముందే చెప్పాల్సింది. అదృష్టం ఏంటంటే పాత డిస్కు వాడు తిరిగిచ్చేశాడు, ఇంకా కొన ఊపిరితో ఉంది. వాడే ఒక సలహా కూడా ఇచ్చాడు, "మల్ల మొత్తం కాపీ పెట్టకు అన్నా, తట్టుకోదు. నీకు ఏం గావాలో అదొక్కటే గుంజు" అని. ఫైళ్లు ఎలాగూ వచ్చేశాయి, నాకు కావాల్సింది చీటీలు. తొమ్మిది వేల గుడ్డలు మోయకుండా చీటీలు మాత్రమే చదువుకొచ్చే మనిషి కావాలి. అదిగో, అక్కడ పరిచయమైంది లిస్ట్‌ఎక్స్‌యాటర్.

వాడే పద్ధతి చెప్తాను, ఇందులో కొంచెం తికమక ఉంది. కాల్‌కి మూడు ఇవ్వాలి: ఫైలు దారి, పేర్లు రాసుకోవడానికి మనమిచ్చే ఖాళీ చోటు, ఆ చోటు ఎన్ని బైట్లో. పేర్లు ఎంత పొడుగుంటాయో మనకి ముందే తెలీదు కదా. అందుకని మొదట చోటు సున్నా అని ఇచ్చి పిలవాలి. అప్పుడది ఏమీ రాయదు, "ఇన్ని బైట్లు కావాలి" అని లెక్క మాత్రం చెప్తుంది. అంత చోటు తీసుకుని రెండోసారి పిలిస్తే పేర్లు నింపి ఇస్తుంది. అది కూడా ఒక పేరు తర్వాత ఒక సున్నా బైటు, మళ్లీ పేరు, మళ్లీ సున్నా బైటు, రైలు పెట్టెల్లాగా. నా మూడు చీటీలనే తీసుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో లెక్కేస్తే యూజర్.మైక్ 8, యూజర్.ప్లేస్ 10, యూజర్.టేక్ 9. ఒక్కోదానికి ఒక సున్నా కలిపితే మొత్తం 30. నేను 20 బైట్ల చోటిచ్చి చూశాను, కావాలనే. రెండు పేర్లు రాసి మూడోది వదిలేస్తుందేమో అనుకున్నాను. లేదు, ఈరేంజ్ అని ఎర్రర్ ఇచ్చింది. సగం లిస్టు చేతిలో పెట్టి ఇదే మొత్తం అని నమ్మించే అలవాటు దానికి లేదు. ఈ ఒక్క గుణానికి ఒక స్టార్ ఇచ్చేశాను.

ఇదే ఫైలుని ఫెడోరా అనే రకం లైనక్స్ వాడే మా ఫ్రెండు ల్యాప్‌టాప్‌లోకి చీటీలతో సహా కాపీ చేసి చూస్తే 47 అని చెప్పింది. "మామా, నువ్వేదో ఎక్కువ రాసుంటావ్" అన్నాడు వాడు. నేనేం రాయలేదు. ఫెడోరాలో ఎస్ఈలైనక్స్ అనే భద్రతా కాపలా నడుస్తుంది, అది ప్రతి ఫైలుకీ తన చీటీ ఒకటి గుచ్చుతుంది, సెక్యూరిటీ.ఎస్ఈలైనక్స్ అని. 16 అక్షరాలు, ఒక సున్నా, మొత్తం 17. ముప్పైకి పదిహేడు కలిపితే నలభై ఏడు. నేను వాడే ఉబుంటు రకం లైనక్స్‌లో అది ఉండదు. కాబట్టి ఒక మెషీన్‌లో వచ్చిన లెక్క ఇంకో మెషీన్‌లో రావాలని పట్టుబట్టొద్దు. పేర్లు ఏ వరసలో వస్తాయో కూడా గ్యారంటీ లేదు, రెండు లిస్టులు పోల్చేముందు అక్షర క్రమంలో పెట్టుకోవాలి. నేను పెట్టుకోక ఒక రాత్రంతా తేడాలు లేని చోట తేడాలు వెతికాను.

ఇంకో మెలిక ఉంది. లెక్క అడగడానికీ, పేర్లు తీసుకోవడానికీ మధ్యలో వేరే ప్రోగ్రామ్ ఏదైనా కొత్త చీటీ గుచ్చితే? మీ చోటు చాలదు, మళ్లీ ఈరేంజ్. అందుకని ఈరేంజ్ వస్తే మళ్లీ లెక్క అడిగి మళ్లీ పిలిచేలా తిప్పుతూ రాసుకోవాలి. ఇదంతా సీ భాషలో రాసేవాళ్ల బాధ. నేను పైథాన్‌తో కానిచ్చాను. పైథాన్ 3.3 నుంచి ఓఎస్ మాడ్యూల్లో ఇదే పేరుతో ఫంక్షన్ ఉంది, లైనక్స్‌లో మాత్రమే. అది లెక్క అడగడం లాంటి మర్యాదలేమీ పెట్టుకోదు. ముందు 256 బైట్లతో ప్రయత్నిస్తుంది, చాలకపోతే ఏకంగా 65,536తో. ఎందుకంటే కెర్నల్ ఇచ్చే పేర్ల లిస్టుకి పైహద్దు అదే, 64 కేబీ. అంతకన్నా పొడుగు లిస్టు ఉంటే ఈటూబిగ్ అని చేతులెత్తేస్తుంది. మనబోటి మూడు చీటీల వాళ్లకి అంత సీను లేదు.

అన్నదమ్ములు ముగ్గురు ఉన్నారు, అదీ తెలుసుకోవాలి. లిస్ట్‌ఎక్స్‌యాటర్‌కి సింబాలిక్ లింకు (వేరే చోటున్న ఫైలుకి దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) ఇస్తే లింకు పట్టుకుని అసలు ఫైలు దాకా పోతుంది. ముందు ఒక ఎల్ తగిలించిన తమ్ముడు లింకు దగ్గరే ఆగుతాడు. ముందు ఎఫ్ ఉన్నవాడు దారి కాకుండా, తెరిచి ఉన్న ఫైలు నంబరు తీసుకుంటాడు. నాకు "మంచివి" అని ఒక ఫోల్డరుంది, దాన్నిండా లింకులే. పెద్దన్నతో నడిపితే ఆ ఫైళ్ల చీటీలన్నీ రెండేసిసార్లు లెక్కకొచ్చాయి. ఎల్ తమ్ముడితో నడిపితే ఆ గొడవ పోయింది. పైథాన్‌లో అయితే లింకుల వెంట పోవద్దు అని ఒక మాట చేరిస్తే చాలు. లింకు మీద సొంతంగా యూజర్ చీటీ గుచ్చుదామంటే కుదరదు, మామూలు ఫైళ్లకీ ఫోల్డర్లకీ మాత్రమే ఆ వైభోగం.

ఇక కోసిన స్టార్ సంగతి. నా కొత్త డిస్కు, అదే ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మీద ఈ కాల్ నడిపితే ఏమొచ్చిందో తెలుసా? సున్నా. ఎర్రర్ కాదు, సున్నా. "ఈ ఫైలుకి చీటీలేం లేవు" అని. మాన్ పేజీలో, అంటే లైనక్స్ వాడుక పుస్తకంలో అయితే, ఆ ఫైల్ సిస్టమ్‌కి (డిస్కు ఫార్మాట్‌కి) ఈ సౌకర్యం లేకపోతే ఈనాట్‌సప్ అని ఎర్రర్ వస్తుందని రాసుంది. నా దగ్గర రాలేదు. అంటే చీటీ లేని గుడ్డకీ, సూది అసలు దిగని రేకుముక్కకీ ఒకటే జవాబు. ఈ కాల్ పరిచయమయ్యాక నేను మొదట చేసింది ఇదే. సున్నా చూసి, "సరే, చీటీలు ఇక్కడ మళ్లీ గుచ్చుకుందాం" అనుకుని, ఒక సాయంత్రమంతా కూర్చుని స్క్రిప్టు రాసి, నడిపిస్తే అప్పుడు చెప్పింది, ఇక్కడ ఆ పని కుదరదని. ఆ ముక్క చెప్పింది కూడా ఇది కాదు, చీటీ గుచ్చే సెట్‌ఎక్స్‌యాటర్. కాబట్టి కొత్త డిస్కు ఏదైనా ముందు ఒక ఉత్తుత్తి ఫైలుకి ఒక చీటీ గుచ్చి చూడండి, తర్వాతే లిస్టు అడగండి.

సున్నాలో ఇంకో రకం కూడా ఉంది. ట్రస్టెడ్ ఖాతాలో చీటీలు అడ్మిన్ హక్కులు లేనివాళ్లకి కనిపించవు. ఉన్నా లేనట్టే లెక్క చెప్తుంది. మామూలుగా నడిపితే ఒక లిస్టు, సూడో పెట్టి నడిపితే ఇంకో లిస్టు. నా చప్పుళ్లకి దీంతో పని లేదు గానీ, డాకర్‌తో పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ తన గుర్తులు ఆ ఖాతాలోనే దాచుకుంటుంది.

దీనికి పూర్తిగా తలకిందులు సంగతి ఒకటుంది, ఇది మెచ్చుకోవాలో భయపడాలో నాకింకా తేలలేదు. ఒక ఫైలుకి చదివే పర్మిషన్ మొత్తం తీసేసి, నాది కాని ఇంకో లాగిన్‌తో లిస్ట్‌ఎక్స్‌యాటర్ నడిపాను. పేర్లు చెప్పేసింది! విలువలు అడిగితే మాత్రం కుదరదంది. అంటే తాళం వేసిన బీరువా తలుపుకి బయట అతికించిన చీటీల పైపేర్లు దారినపోయే ఎవరైనా చదవొచ్చు. కాబట్టి చీటీ పేరులోనే రహస్యం పెట్టేవాళ్లు జాగ్రత్త. విలువల్లో పెట్టినా పూర్తి క్షేమం కాదనుకోండి. వీగెట్ అనే డౌన్‌లోడ్ టూల్, ఫైలు ఎక్కడినుంచి దించామో ఆ లింకుని యూజర్.ఎక్స్‌డీజీ.ఆరిజిన్.యూఆర్‌ఎల్ అనే చీటీలో రాసిపెట్టేది. లింకులో యూజర్ పేరూ పాస్‌వర్డూ ఉంటే అవి కూడా అందులోకే. 2018 చివర్లో ఇది భద్రతా లోపంగా నమోదైంది, 1.20.1 వెర్షన్‌లో సరిచేశారు. కర్ల్ అనే ఇంకో డౌన్‌లోడ్ టూల్‌లో ఇప్పటికీ ఆ సౌకర్యం ఉంది, కాకపోతే మనం అడిగితేనే. మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద ఒకసారి ఈ కాల్ నడిపి చూడండి, మీకు తెలియకుండా ఎవరు ఏ చీటీ గుచ్చారో బయటపడుతుంది.

తెలుగులో నోట్లు రాసేవాళ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు. చీటీ పేరు మొత్తం 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తూ మూడు బైట్లు తింటుంది. కోఠి అన్న చిన్న మాటే తీసుకోండి, క, ఓత్వం, ఠ, గుడి, నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఇంగ్లీషువాడికి 255 అంటే ఆకాశం, మనకి ఓ ఎనభై గుర్తులు. పేర్లు ఇంగ్లీషులో పెట్టుకుని విలువలు తెలుగులో రాసుకోవడం మేలు. విలువ 64 కేబీ దాకా ఉండొచ్చని కెర్నల్ అంటుంది గానీ, లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో ఒక ఫైలు చీటీలన్నీ కలిపి ఐనోడ్‌లో (ఫైలు వివరాలు దాచే చిన్న గడిలో) మిగిలిన చోటు, ఆపైన ఒక్క బ్లాకు, అంటే సాధారణంగా 4 కేబీలో సర్దుకోవాలి. అక్కడ పురాణాలు రాయలేం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఈ ఇరుకు లేదు.

రెండోది, ఈ కాల్ మీద కూర్చుని పనిచేసే గెట్‌ఎఫ్‌యాటర్ అనే కమాండ్ గురించి. ఉబుంటులో ఆట్ర్ అనే ప్యాకేజీ వేసుకుంటే వస్తుంది. స్క్రిప్టు రాయలేనివాళ్లకి అదే గతి, మంచి గతే. కానీ మొదటిసారి దాంతో నా చీటీల విలువలు చూస్తే, తెలుగు నోట్లన్నీ సున్నా, ఎస్ అనే రెండు అక్షరాలతో మొదలయ్యే ఇంగ్లీషు గజిబిజిగా కనిపించాయి. అంతే, డిస్కుతో పాటు చీటీలు కూడా పాడైపోయాయనుకుని నీరసమొచ్చేసింది. పాడవలేదు. దానికి తెలుగు బైట్లు అచ్చు వేయదగ్గ అక్షరాల్లా అనిపించక బేస్64 లోకి, అంటే బైట్లని ఇంగ్లీషు అక్షరాలుగా రాసే పద్ధతిలోకి, మార్చి చూపిస్తుంది. విలువలు మాత్రమే ఇమ్మని అడిగితే తెలుగు తెలుగుగానే వస్తుంది. ఇంకో చిన్న మెలిక, మామూలుగా అది యూజర్ ఖాతా చీటీలే చూపిస్తుంది. అన్నీ కావాలంటే ఎమ్ ఆప్షన్ పెట్టి దాని పక్కన ఒక అడ్డగీత ఇవ్వాలి. అది వెనకాల మొత్తం లిస్టూ తెచ్చుకుని, మనకి కొన్నే వడ్డిస్తుందన్నమాట. దాని అవుట్‌పుట్ ఒక ఫైల్లో దాచుకుంటే, దాని జోడీ కమాండ్ సెట్‌ఎఫ్‌యాటర్‌కి రిస్టోర్ అని చెప్పి చీటీలన్నీ తిరిగి గుచ్చేయొచ్చు. ఈ సంగతి నాకు స్క్రిప్టు రాసేశాక తెలిసింది, అదీ నా అదృష్టం.

లిస్ట్‌యాటర్ అని ఇంకో కమాండ్ ఉంటుంది, ఎల్ఎస్ఏటీటీఆర్, దాంతో కలపకండి. నేను లైనక్స్ కోర్సు చేసిన మా కజిన్‌ని అడిగితే వాడు అదే నడిపి, "ఏముంది బావా, ఒక్క ఇంగ్లీషు e అక్షరం తప్ప అన్నీ గీతలే" అన్నాడు. అది ఫైలుని మార్చకుండా బిగించడం లాంటి జెండాల లెక్క, ఈ చీటీలతో దానికి చుట్టరికం లేదు.

వేరే కంపెనీల సరుకుతో పోలిస్తే ఎలా ఉందంటారా. మ్యాక్‌లో కూడా ఇదే పేరుతో కాల్ ఉంది, కాకపోతే నాలుగోది ఒకటి అదనంగా ఇవ్వాలి, లింకు వెంట పోవాలా వద్దా లాంటివి అందులో చెప్పాలి. అందుకే అక్కడ ఎల్ తమ్ముడి అవసరం లేదు. ఖాతాల గోల కూడా లేదు, కామ్.యాపిల్.క్వారంటైన్ లాంటి పేర్లు నేరుగా వస్తాయి. మ్యాక్‌వాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్‌లో చుక్కా అండర్‌స్కోరుతో మొదలయ్యే పిల్ల ఫైళ్లు పుట్టలుగా కనిపిస్తాయి కదా, వైరసేమో అని మనం డిలీట్ కొట్టేస్తాం కదా, అవి ఈ చీటీలే. పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో గుచ్చడానికి చోటు లేక మ్యాక్ వాటిని పక్కన విడి ఫైళ్లుగా కట్టిపెడుతుంది. నా షాపు కుర్రాడి దగ్గర మ్యాక్ ఉండుంటే... సరే వదిలేయండి. ఫ్రీబీఎస్‌డీ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది, ప్రతి పేరుకి ముందు ఒక బైటులో దాని పొడుగు చెప్పి తర్వాత పేరు ఇస్తుంది, చివర సున్నా ఉండదు. ఖాతా కూడా ముందే విడిగా అడుగుతుంది. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మీద ఫైలుకి పక్క స్ట్రీములు ఉంటాయి, ఇంటర్నెట్ నుంచి దించిన ఫైలు తెరిస్తే వచ్చే హెచ్చరిక జోన్.ఐడెంటిఫయర్ అనే అలాంటి స్ట్రీము చలవే. వాటిని లెక్కపెట్టే దారి పూర్తిగా వేరు.

లైనక్స్‌లో 6.13 కెర్నల్ నుంచి, అంటే 2025 జనవరి నుంచి, ఇదే కుటుంబంలో చివర at అని తగిలించిన కొత్త తమ్ముడు వచ్చాడు. తెరిచిన ఫోల్డర్ దగ్గర్నుంచి దారి చెప్పొచ్చు. నా పనికి తేడా ఏం లేదు.

సరే, ఆ రాత్రి ఏమైందంటే. పాత డిస్కుని చదవడానికి మాత్రమే అన్నట్టు తగిలించి, ఫ్యాను కింద పెట్టి, స్క్రిప్టు వదిలాను. ఫైలు లోపల ఒక్క బైటు చదవకుండా, చీటీల పేర్లు అడగడం, ఒక్కో పేరుకి విలువ తీసుకోవడం, ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకోవడం, అంతే పని. ఆడియో మోయక్కర్లేదు కాబట్టి జోరుగా పోయింది. మధ్యలో గోల్కొండ ఫోల్డరొచ్చింది. అక్కడ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దగ్గర వినిపిస్తుంది కదా, రెండు చోట్లా మైకులు పెట్టి తీసిన ఫైళ్లు. చీటీ లేకపోతే ఏది కిందది ఏది పైది అని చెవులు రిక్కించినా నాకే తేలదు, ఆ చీటీలు స్క్రీను మీద ఒక్కోటీ వచ్చి పడుతుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. కాసేపటికి డిస్కు మళ్లీ టిక్కు టిక్కు అంది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు మొదలయ్యాయి. తర్వాత డిస్కే కనపడడం మానేసింది. చివరి రెండు ఫోల్డర్ల చీటీలు దాంతోనే పోయాయి, మిగతావన్నీ దక్కాయి.

కొత్త డిస్కుని ఈఎక్స్‌టీ4 చేసి చీటీలన్నీ గుచ్చాను. ఇప్పుడు కాపీ చేసిన ప్రతిసారీ ఇటు లిస్టు, అటు లిస్టు తీసి పోలుస్తాను. దీనివల్లే ఇంకో సంగతి పట్టుబడింది, ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌లో -a ఆప్షన్ అంటే అన్నీ అనుకుంటాం కానీ అందులో చీటీలు లేవు, పెద్ద X విడిగా పెట్టాలి. మామూలు కాపీ కమాండ్ సీపీలో మాత్రం -a పెడితే చీటీలు వచ్చేస్తాయి. ఫైళ్లని ఒక మూటగా కట్టే టార్‌కి ఎక్స్‌యాటర్స్ అని విడిగా చెప్పాలి. ఆర్‌సింక్ సంగతి తెలియక నా బ్యాకప్ మూడు వారాలు చీటీల్లేకుండానే నడిచింది.

మొన్న కేబుల్ కొనడానికి పోతే షాపు కుర్రాడు గుర్తుపట్టాడు. "అన్నా, గిప్పుడు కాపీకి వచ్చినోళ్లను అడుగుతున్న, లోపట చీటీలున్నయా అని. ఎవ్వళ్లకు సమజ్ అయితలే" అన్నాడు. నా స్క్రిప్టు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. కేబుల్‌కి యాభై తగ్గించాడు.

చీటీల్లేని ఆ రెండు ఫోల్డర్లూ రాత్రిళ్లు ఒక్కోటి వింటూ కూర్చుంటున్నాను. నిన్న ఒక ఫైలు, తక్కెడ గొలుసు చప్పుడు, వెనకాల ఎవరో ఆవిడ "కిలో ఇరవై, కిలో ఇరవై" అంటోంది, దూరంగా రైలు కూత. కాల్ నడిపితే సున్నా. నాలుగుసార్లు విని, యూజర్.ప్లేస్‌లో "మోండా మార్కెట్ కావచ్చు" అని గుచ్చాను. మళ్లీ నడిపితే 11 అంది.